కరెంటు పోయిన పాట

గోదావరిఖని చౌరస్తాలో చాయ్ కొట్టు దగ్గర ఎవరూ పూర్తిగా మాట్లాడరు. 2055లో అలా మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఒకాయన వచ్చి "రెండు..." అని ఆవులిస్తాడు. ఆయన చెవి వెనకున్న గింజ మిగతాది చెప్పేస్తుంది: "చాయ్‌లు, ఒకటి చక్కెర లేకుండా, అల్లం ఎక్కువ." అచ్చం ఆయన గొంతే. పక్కనున్న పిల్ల "నిన్న మా అత్త..." అని ఆపితే, గింజ అత్త మీద ఉన్న కోపమంతా వరసపెట్టి చెబుతుంది. పిల్ల తాపీగా బిస్కెట్ ముంచుకుని తింటుంది.

ఆ గింజ పేరు పూరణి. అవధానంలో ఒకరు పద్యపాదం ఇస్తే అవధాని మిగతా పాదాలు పూరించేవాడు కదా, అక్కడి నుంచి తెచ్చిన పేరు. పరికరం పెసరగింజంత. చర్మానికి అంటుకుని ఉంటుంది. మనిషి మాట అనబోయే ముందు మెదడులోని మాటల కేంద్రంలో లేచే న్యూరల్ సిగ్నల్స్‌ని, అంటే నరాల సంకేతాలను, అది పట్టేస్తుంది. ఆ మనిషి ఇంతకుముందు మాట్లాడినదంతా దాని దగ్గర జమై ఉంటుంది. ఈ రెండూ కలిపి, తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో, అంటే దాని సంభావ్యత ఎంతో, లెక్క కడుతుంది. మనిషి తడబడినా, వెతుక్కున్నా, ఊరికే ఆగినా ఆ సందులో దూరి నింపేస్తుంది. దీన్నే ఖాళీపూరణం అంటారు. మాటలే కాదు, సగం చిరిగిన ఫొటో ఇవ్వండి, సగంలో ఆగిన పాట ఇవ్వండి, అదీ నింపుతుంది. ఖాళీ అంటే లోపం, లోపం అంటే రోగం అని అమ్మేవాళ్లు చెప్పారు. కొనేవాళ్లు నమ్మారు. నమ్మనివాళ్లకు చాయ్ దొరకడం కూడా కష్టమైంది.

భూలక్ష్మికి దొరికింది. ఎందుకంటే ఆమె అరిచింది.

"గింజ లేదా అమ్మమ్మా?" అన్నాడు కొట్టతను, ఆమె చెవి వెనక తొంగి చూస్తూ.

"నోరుంది. చాయ్ పొయ్యి."

ఎనభై ఏళ్ల మనిషి. బొగ్గు గనులు నడిచిన రోజుల్లో కాలనీలకు నీళ్లు రాకపోతే, గనిలో మనిషి పోయి భార్యకు ఉద్యోగం ఇవ్వకపోతే, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసు గేటు ముందు కూర్చున్న మనిషి. ఇప్పుడు గనులు లేవు. తవ్వి వదిలేసిన గుంటల్లో నీళ్లు నిండి, ఆ నీళ్ల మీద సోలార్ పలకలు తేలుతున్నాయి. గొంతు మాత్రం మిగిలింది. చాయ్ తాగి, చేతిసంచి చంకన పెట్టుకుని ఆమె మాటల ఆసుపత్రికి నడిచింది. సంచిలో ఒక క్యాసెట్ ఉంది.

ఆసుపత్రిలో ఉన్నది తాహెరా. ఆమెకూ అదే వయసు. బట్టలు కుట్టేది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే సూది గుచ్చినట్టుండేది. మిగతా మాటలన్నీ ఆమె పక్కన నిలబడి భూలక్ష్మి మాట్లాడేది. ఎండాకాలం మొదట్లో తాహెరాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆమె కొడుకు సలీం ఆమె చెవి వెనక పూరణి పెట్టించాడు. మర్నాటి నుంచే తాహెరా గడగడా మాట్లాడడం మొదలుపెట్టింది. పెదవి కదలదు, మాట వస్తుంది.

ఇక్కడే వచ్చింది గొడవంతా. తాహెరా బతికినన్నాళ్లూ మాట్లాడింది తక్కువ గనుక యంత్రం దగ్గర ఆమె మాటలు చాలినన్ని లేవు. చాలని చోట అది వేలమంది తల్లుల మాటల సగటు తీసి వాడింది. సగటు తల్లి మర్యాదస్తురాలు.

భూలక్ష్మి గదిలోకి రాగానే మంచం మీద నుంచి తాహెరా గొంతు పలికింది: "రండి, కూర్చోండి. మీరు వచ్చినందుకు చాలా సంతోషం."

"చూసినవా రా?" అంది భూలక్ష్మి సలీంతో. "పుట్టినకాడికెళ్లి నన్ను 'ఏందే' అన్నది తప్ప 'రండి' అన్నదా మీ అమ్మ? ఇదెవ్వతో. మా తాహెరా కాదు."

సలీంకు యాభై దాటాయి. బస్సు డిపోలో మెకానిక్. "ఖాలా, మళ్లీ లొల్లి పెట్టకు" అన్నాడు. ఖాలా అంటే పిన్ని. "రేపు పొద్దున ఆపరేషన్."

ఆపరేషన్ అంటే స్థిరపూరణం. పైన అంటించిన గింజను తీసి, లోపల పుర్రె ఎముకలో శాశ్వతంగా అమర్చడం. అమర్చాక మెదడు నుంచి గొంతుకు ఉన్న పాత దారి మూసేస్తారు. రెండు దారులూ ఉంటే రెండు మాటలు ఢీకొని నత్తి వస్తుందట. తాహెరా సొంత మాట ఎలాగూ తిరిగి రాదని డాక్టర్లు తేల్చారు. భూలక్ష్మి తేల్చలేదు. లోపల తాహెరా ఇంకా ఉందని ఆమె నమ్మకం. రేపు పొద్దున ఆ తలుపు మూసేస్తే ఎప్పటికీ లోపలే ఉండిపోతుందని ఆమె భయం.

"నీకు నచ్చిందిరా ఈ కొత్త అమ్మ" అంది.

సలీం దాచలేదు. "నచ్చింది ఖాలా. నిన్న నన్ను చూసి 'గర్వంగా ఉంది' అన్నది. జిందగీల మొదటిసారి. యంత్రమే అన్నదనుకో, అయితేంది? చెవులైతే ఇన్నయి గద."

భూలక్ష్మి చేతిసంచి విప్పింది. సంచిలోంచి క్యాసెట్ తీసింది. "లొల్లి పెట్టనురా. పాట పెడత."

1991. ఇద్దరికీ పదహారేళ్లు. సికింద్రాబాద్‌లో నలుగురు కుర్రవాళ్లు కలిసి పాదరసం అని ఒక బృందం పెట్టారు. రెండు కీబోర్డులు, ఒక డ్రమ్ మెషిన్, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఖంగుమనే గొంతున్న ఒక అమ్మాయి. అలాంటి యంత్రవాద్యాల పాటలను సింథ్ పాప్ అంటారని ఈ ఇద్దరికీ తెలియదు. 'కరెంటు పాటలు' అనేవాళ్లు. ఆ పాటల్లో పోరాటం లేదు, నినాదం లేదు. ఒక ఆడపిల్ల ఎవరికీ భయపడకుండా యంత్రాల మధ్య నిలబడి పాడుతోంది, అంతే. బొగ్గు కాలనీలో ఇంటి ముందు నవ్వితేనే నాలుగు ఇళ్లు తలుపులు తెరిచి చూసే చోట, ఆ గొంతు ఈ ఇద్దరికీ అన్నం పెట్టినంత పని చేసింది.

బృందం తెచ్చింది రెండు క్యాసెట్లు. రెండూ అరువు తెచ్చి, తాహెరా ఇంట్లో రెండు టేపు రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఫ్యాన్ ఆపి, నోరెత్తితే చంపుతామని ఇంటిల్లిపాదినీ బెదిరించి, నచ్చిన పాటలు ఒక ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించారు. ఆఖరి పాట క్యాసెట్లలో లేదు. రేడియోలో యువజనుల కార్యక్రమంలో ఒకే ఒక్కసారి వచ్చింది. రేడియో, రికార్డర్ ఒకే డబ్బాలో ఉండే టూ-ఇన్-వన్‌లో దాన్ని పట్టుకున్నారు. పాట చివరికి వచ్చింది. అమ్మాయి పాడుతోంది:

"చీకటి నన్నడిగింది నీ పేరేమని, నేనన్నాను..."

కరెంటు పోయింది.

బ్యాటరీలు ఉంటే పాట ఆగేది కాదు. అయిపోయిన బ్యాటరీలను ఎండలో పెడితే మళ్లీ పనిచేస్తాయని తాహెరా తండ్రి వాటిని తీసి డాబా మీద ఆరబెట్టాడు. కరెంటు వచ్చేసరికి రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు. తర్వాత బృందం చెదిరిపోయింది, ఆ పాట ఇంకెక్కడా దొరకలేదు. చీకటికి ఆ అమ్మాయి ఏం పేరు చెప్పిందో ఎవరికీ తెలియదు. కానీ టేపు వేసిన ప్రతిసారీ ఆ చోటికి రాగానే ఇద్దరూ గొంతెత్తి మిగతాది సొంతంగా పాడేవాళ్లు. పెళ్లిళ్లయ్యాక కూడా. గేటు ముందు ఎండలో కూర్చున్న రోజుల్లో కూడా.

పూరణిని కనిపెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ సహస్ర ప్రయోగశాల పై అంతస్తులో ఉంది. విజయవాడ మనిషి, నలభై ఏళ్లుంటాయి. భూలక్ష్మి క్యాసెట్ పట్టుకుని పైకెక్కి చెప్పిందంతా ఆమె విన్నది. నవ్వలేదు.

"అంటే, పాట పూర్తిగా వింటే ఆవిడ కదులుతారని మీ ఆశ. అంతేనా అండీ?"

"అవునమ్మా. సగం పాట బతుకంత ఇన్నది. మొత్తం ఇంటే ఒక్క మాటన్న అనదా? నీ యంత్రమంటే నాకు పడదు. కానీ తాహెరా కోసం దీని కాళ్లు కూడ మొక్కుత. కాళ్లున్నయా దీనికి?"

"లేవండి" అంది సహస్ర. క్యాసెట్‌ను చదివే పెట్టెలో పెట్టింది. గింజలన్నిటినీ నడిపే పెద్ద పూరణి బల్ల మీద నుంచి మాట్లాడింది.

"నమస్కారం. ఆఖరి పాట అసంపూర్ణంగా ఉంది. కరెంటు పోతున్నప్పుడు మోటారు నెమ్మదించడం వల్ల చివరి మాటల దగ్గర గొంతు సన్నబడి పైకి లేచింది. సరిచేయమంటారా?"

"చెయ్యి."

"మూడో పాటలో గని సైరన్ మోగుతోంది. తొలగించమంటారా?"

"దాని జోలికి పోతివో, నీ వైర్లు తెంపుత."

"ఐదో పాటలో ఒక స్త్రీ ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు."

"ఆమె తాహెరా తల్లి. అడగనియ్యి."

"ఆఖరి పాట చివర మీరు ఏమని పాడేవారో చెబితే నా లెక్కకు సాయం అవుతుంది."

భూలక్ష్మి గొంతు సవరించుకుని పాడింది: "నేనన్నాను, నిప్పని." తర్వాత అంది, "ఇద్దరం గట్లనే పాడేటోళ్లం."

చాయ్ చల్లారేలోపు యంత్రం పాట ముగించింది. ఆ అమ్మాయి గొంతు, అవే కీబోర్డులు, ఎక్కడా అతుకు కనిపించలేదు. "చీకటి నన్నడిగింది నీ పేరేమని, నేనన్నాను, నీ ప్రేమే నా పేరని." వెనక వయొలిన్లు కూడా పెట్టింది.

"నిప్పని చెప్పిన గదా?"

"ఆ కాలపు పాటల్లో ఆ మాట వచ్చే సంభావ్యత తక్కువ" అంది పూరణి.

"సబ్బు ప్రకటన లెక్కున్నది" అని గొణిగింది భూలక్ష్మి. అయినా కిందికి పరుగెత్తినంత పని చేసింది.

సహస్ర పెద్ద పూరణినీ, క్యాసెట్ పెట్టెనూ, తెరనూ కిందికి తెప్పించి గదిలో బల్ల మీద పెట్టించింది. తాహెరా మంచం పక్కన పాట పెట్టారు. మొదటి మోతలకే తాహెరా కళ్లు స్పీకర్ వైపు తిరిగాయి. చరణాలు గడిచాయి. చివరి లైన్ వచ్చింది, వయొలిన్లు వచ్చాయి, పోయాయి. గింజ పలికింది: "చాలా మధురంగా ఉంది. అందరికీ ధన్యవాదాలు."

భూలక్ష్మి కిటికీ వైపు తిరిగి నిలబడింది. సలీం వెళ్లి ఆమె భుజం మీద చెయ్యేశాడు. 

సహస్ర మాత్రం తెర మీద కదిలే గీతలు చూస్తూ ఉండిపోయింది. ఆమె కష్టపడి చేసిన యంత్రం అది, తప్పు చూపించాల్సిన పని ఆమెకు లేదు. అయినా చూపించింది. "భూలక్ష్మి గారూ, ఇటు రండి. ఈ గీత తాహెరా గారిది, సొంత మాటల కేంద్రం. అంతా చదునుగా ఉంది చూడండి. 'నేనన్నాను' అన్న చోట మాత్రం ఇలా లేచింది."

"లేచినంక?"

"లేచీ లేవగానే పాట చివరి లైన్ వచ్చేసింది. గింజ కూడా లోపలికి వచ్చేసింది. గీత పడిపోయింది."

భూలక్ష్మి యంత్రాన్నే అడిగింది. "ఏం రా, అది నోరు తెరవబోతే నువ్వు అడ్డం వచ్చినవా?"

"ఖాళీ కనిపించింది" అంది పూరణి. "నింపడం నా పని. ఆమె మాట బయటికి రావడానికి చాలా ఆలస్యమయ్యేది."

"ఎంత ఆలస్యం?"

"మామూలు సంభాషణలో మనుషులు అంతసేపు ఆగరు."

ఆ జవాబులో తప్పేమీ లేదు. మనుషులు ఆగరు. ఆగి ఉంటే ఈ గింజకు గిరాకీ ఎక్కడిది?

"తియ్యి ఆ గింజ" అంది భూలక్ష్మి. "సాపు చేసిన పాట ఒద్దు. నా క్యాసెట్ పెట్టు, తెగిందాన్ని."

సలీం అడ్డం నిలబడ్డాడు. "ఖాలా, గింజ తీస్తే అమ్మ ఉత్తగ చూస్తది. ఆ చూపు నాతోని కాదు. నీకేం, నువ్వు ఇంటికి పోతవ్. నేను చూడాలె."

"ఒక్కసారి రా. ఒక్క పాట. మాట రాలేదనుకో, రేపు నేనే ముందు నిలబడి ఆపరేషన్ చేయిస్త."

సలీం తల్లి మొహం చూశాడు. తనే వంగి, చెవి వెనక గింజ ఊడదీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

క్యాసెట్ తిరిగింది. సరసరమనే చప్పుడు, డ్రమ్ మెషిన్, ఆ అమ్మాయి గొంతు. వయొలిన్లు లేవు. పాట చివరికి వచ్చింది. "చీకటి నన్నడిగింది నీ పేరేమని, నేనన్నాను" అంటూ గొంతు దోమలా సన్నబడి పైకి లేచి, పుటుక్కున ఆగింది.

అలవాటైన నోరు. భూలక్ష్మి గొంతెత్తి పాడేసింది. "నిప్పనీ..."

ఆమె తాహెరా వైపు చూసింది. తాహెరా నోరు కొంచెం తెరుచుకుని ఉంది, అంతే. భూలక్ష్మి మొహం వాడిపోయింది. "అనలేదు."

సలీం తల్లి మీంచి చూపు తిప్పలేదు. "అన్నది ఖాలా. నువ్వు పాడుతుంటే అన్నది."

"అన్నదా? నిప్పన్నదా?"

"కాదు."

"నిప్పేరా. ఇద్దరం గట్లనే..."

"కాదు ఖాలా. నీ పేరన్నది."

భూలక్ష్మికి అర్థం కాలేదు. సహస్ర వైపు చూసింది. సహస్ర తల ఊపింది. బల్ల మీద నుంచి పూరణి అడక్కుండానే చెప్పింది: "భూలచ్చిమి అని. నా లెక్కలో ఆ జవాబు లేదు. చేర్చుకోమంటారా?"

"ఒద్దు. నీకెందుకది" అంది భూలక్ష్మి. ఆ మాట కూడా చాలా నెమ్మదిగా అంది. "మళ్లీ పెట్టమ్మా."

క్యాసెట్ వెనక్కి తిరిగింది. ఈసారి 'నేనన్నాను' దగ్గర భూలక్ష్మి పళ్లు బిగించుకుంది. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ ఎంత పెద్దదో ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఎప్పుడూ అందులో ఆమే ఉంది. గోడ మీద వెలుతురు కదిలినట్టు, మంచం మీద నుంచి వంకరగా, నెమ్మదిగా, రాగం తప్పకుండా వచ్చింది:

"భూ... లచ్చి... మనీ."

అరవై ఏళ్ల పైన. ఆ చివరి ముక్క ఇద్దరూ కలిసి కొన్ని వేలసార్లు పాడి ఉంటారు. పక్కపక్కనే నిలబడి, ఒకే ఊపిరితో. ప్రతిసారీ తాహెరా స్నేహితురాలి పేరు పాడింది. ప్రతిసారీ స్నేహితురాలి గొంతు దాన్ని కప్పేసింది. తాహెరా ఎన్నడూ సరిదిద్దలేదు. భూలక్ష్మి ఎన్నడూ ఆగి వినలేదు. పూరణి పుట్టి ఏడేళ్లయింది. భూలక్ష్మి పుట్టి ఎనభై. తాహెరా మాటల్లో దూరి నింపడం ఎవరు ముందు మొదలుపెట్టారో లెక్క కట్టడానికి యంత్రం అక్కర్లేదు.

భూలక్ష్మి మంచం కోడు పట్టుకుని వంగింది. "చీకట్ల ఎవడన్న పేరడిగితే నా పేరు చెప్పినవా? అందుకేనా పోలీసోళ్లు ఎప్పుడు చూసినా నా ఇంటికే వచ్చేది?"

తాహెరా మొహంలో పనిచేసే సగం నవ్వింది. రెండో సగం ఊరుకుంది.

సలీం మంచానికి అటుపక్క మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా. నేను, సలీం." తాహెరా కళ్లు అతని మీదికి తిరిగాయి. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి. సహస్ర ఏదో అనబోయింది. సలీం చెయ్యెత్తి ఆపాడు. చాలాసేపటికి వచ్చింది మాట.

"గా... డిద."

సగటు తల్లులెవరూ ఆ మాట అనరు. సలీం తల్లి అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అతని చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినా, జ్వరంతో పడుకున్నా, మొదటి జీతం తెచ్చినా ఆమె అన్నది ఆ మాటే. అందులో అన్నీ ఉండేవి. కాసేపటికి లేచి, గుప్పిట్లోని గింజను సహస్ర చేతిలో పెట్టాడు. "రేపటిది ఒద్దు డాక్టరమ్మా. ఏమనుకోకు."

"అనుకోవడం ఏముందండీ" అంది సహస్ర. గింజను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "మాట రావడానికి నెలలు పట్టొచ్చు. రోజుకు రెండు మూడు మాటలే రావచ్చు. వింటూ కూర్చునేవాళ్లు కావాలి."

"ఉన్నరు" అన్నాడు సలీం.

భూలక్ష్మికి లోపల మాటలు గుంపుగా లేచాయి. కృతజ్ఞత చెప్పాలి. ఆ డాక్టరుకు, ఆ బృందంలో పాడిన అమ్మాయికి, ఎక్కడుందో ఏమైందో. ఆ రోజు సబ్‌స్టేషన్‌లో స్విచ్ దించిన మనిషికి, వాని కడుపు చల్లగుండ. అందరికంటే ముందు ఈ మంచం మీది మనిషికి. ముప్పై ఏళ్లు మైకు ముందు తడుముకోకుండా మాట్లాడిన ఆమె నోటికి ఇవన్నీ ఒక లెక్క కాదు.

అప్పుడే తాహెరా చూపు ఆమె మీద నిలిచింది. పెదవులు మళ్లీ కదలడం మొదలైంది. గొంతులో ఏదో కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది.

నీళ్లు అడుగుతోందని భూలక్ష్మికి అర్థమైంది. మొహం చూస్తేనే తెలుస్తుంది, ఇన్నేళ్ల స్నేహం. గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉంది. 'నీళ్లా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అనలేదు. దాన్ని మింగి, నిలబడి చూస్తూ ఉంది. గోడ గడియారం తిరిగింది. కారిడార్‌లో ఎవరి గింజో ఎవరి వాక్యమో పూర్తి చేసుకుంటూ పోయింది. తాహెరా నుదుట చెమట పట్టింది. భూలక్ష్మికీ పట్టింది.

"కూ..." అంది తాహెరా. ఊపిరి తీసుకుంది.

"కూసో."

పొద్దున వచ్చినప్పటి నుంచీ భూలక్ష్మి నిలబడే ఉంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆమె కూర్చుంది.